మూటతో మూడు దినములు

గత సంక్రాంతికి మా అక్కగారి కుమారుడు మాకవరపాలెము వచ్చి, మా యింట నాల్గు దినములుండి పోయెను. వాడు జర్మనీ దేశమున చదువుకొనుచున్నాడు. వచ్చునపుడు వాని వీపున నొక సంచి తప్ప పెట్టె లేదు, బుట్ట లేదు. మా అత్తగారు ఆ సంచిని చేతనెత్తి చూచి, "ఏటి నాయినా, ఇంతేనా నీ సామాను?" అని యడిగిరి.

"ఇంతే మామ్మా. దీంతోనే పోలెండు దేశంలో పది రోజులు తిరిగొచ్చేను" అని వాడు నవ్వెను.

ఆ రాత్రి భోజనములైన పిమ్మట అరుగుమీద వానిని కూర్చుండబెట్టి ఆ పది దినముల వృత్తాంతమంతయు చెప్పించుకొంటిమి. ఐరోపాఖండమున జర్మనీకి తూర్పుగా నున్న పోలెండు, 2004లో ఐరోపా సమాఖ్యలో చేరినను, జ్లోటీ యను తన నాణెమును విడువలేదు. పడమటి దేశములకంటె అక్కడ తిండికిని పడకకును ఖర్చు తక్కువ. అందుచేత చేతిలో కొలది సొమ్ముతో దేశము చూడదలచిన విద్యార్థులు వీపున సంచి తగిలించుకొని వార్సా, క్రాకోవు పట్టణములకు పోవుచుందురట. వారు దిగునవి హోటళ్ళు గావు. ఒక్కొక్క గదిలో ఎనిమిదేసి పడకలు, రైలుబండిలోవలె ఒకదానిపై నొకటి. పొయ్యియు గిన్నెలును అందరకు నుమ్మడి. మావాడు అక్కడ బియ్యము, పెసరపప్పు కలిపి పొంగలి వండుకొనగా, ప్రక్కనున్న ఎవరో పిల్లలు వచ్చి రుచి చూచిరట.

వంట చేసికొన నోపిక లేనినాడు వాడు పోయినచోటు "పాలబారు". పేరు విని అత్తగారు ముఖము చిట్లించిరి గాని, అది త్రాగుబోతుల తావు గాదు. పాలు, గ్రుడ్లు, పిండివంటలు చౌకగా పెట్టు పూటకూటి యిల్లు. ఇట్టిది మొదట వార్సాలో 1896లో వెలసినది. తరువాత కమ్యూనిస్టు ప్రభుత్వకాలమున ఊరూర వ్యాపించినవి. నేటికిని కొన్నిటికి ప్రభుత్వ సహాయము కలదు. కూలివాడును, పింఛను పుచ్చుకొను ముసలమ్మయు, చదువుకొను పిల్లవాడును ఒకే వరుసలో నిలిచి పళ్ళెము పట్టుకొందురు. అక్కడి ముఖ్యమైన తినుబండారము పియెరోగీ. బంగాళాదుంపయు పాలవిరుగుడును కూరి, అచ్చముగా మన కజ్జికాయవలెనే మడిచి, నీళ్ళలో నుడికింతురు. "కజ్జికాయ నీళ్ళలో ఉడకబెడతారా!" అని అత్తగారు రెండు దినములవరకు ఆశ్చర్యపడుచునే యుండిరి.

ఆ దేశమున చెన్‌స్తొహోవా యను పుణ్యక్షేత్రము కలదు. ఏటేట ఆగస్టు నెలలో జనులు వార్సానుండి అక్కడకు కాలినడకను పోవుదురు. ఈ యాచారము 1711నుండి వచ్చుచున్నది. మూట వీపున వైచుకొని, త్రోవలోని పల్లెలలో పెట్టినది తిని, చూపినచోట పరుండి పోవుట. మన వారు మొక్కుకొని కొండకు నడచిపోవుటయు నిట్టిదే గదా.

ఇంతలో మావారు అందుకొని, చౌకగా పడకలిచ్చు ఈ వసతిగృహములకు మూలపురుషుడొక బడిపంతులని చెప్పి కొంచెము గర్వపడిరి. ఆయన చెప్పినది నిజమే. రిచర్డు షిర్మను అను జర్మను ఉపాధ్యాయుడు 1909లో తన విద్యార్థులను వెంటబెట్టుకొని కాలినడకను పోవుచుండగా గాలివాన పట్టుకొనెను. ఒక పల్లెలోని బడిలో వారు తలదాచుకొనిరి. సెలవులలో ఖాళీగా నుండు బడులన్నిటను పిల్లల కిట్లు పడకలు వేయరాదా యని ఆ రాత్రి ఆయనకు తోచెను. 1912లో ఆల్టేనా కోటలో మొదటి శాశ్వత వసతిగృహము తెరువబడెను.

అంతయు విని మా అత్తగారు, "అదేటి, మన సత్రమే కదా!" అనిరి. పిమ్మట కొంతసేపు మాటాడక, "నేనిప్పటికీ ముఖలింగం చూడలేదు" అనిరి.

ఈ మాట మేము కాపురమునకు వచ్చిన నాటినుండి వినుచున్నదే. మా మామగారు బ్రతికియున్న దినములలో ఏటేట కార్తికమున పోవుదమనుకొనెడివారు. ఒక యేడు ఆడబిడ్డ పెండ్లి, ఒక యేడు పంట పోవుట, ఒక యేడు పిల్లల చదువుల జీతములు. ఆయన పోయిన పిమ్మట మా మరిది, "అమ్మను బస్సుల్లో తిప్పుతామా? కారు కుదుర్చుకొని అందరం దర్జాగా వెళదాం" అని యెనిమిదేండ్లుగా చెప్పుచున్నాడు. అతడు ప్రేమచేతనే చెప్పుచున్నాడు, సందేహము లేదు. కాని అందరకు సెలవులు కుదిరిననాడు కారు దొరకదు. కారు దొరకిననాడు కిరాయి పండ్రెండువేలని గుండె గుభేలుమనును. ఆ దర్జాప్రయాణము రాక, సామాన్యప్రయాణము లేక, అత్తగారికి అరువదియెనిమిది యేండ్లు వచ్చినవి.

మా చదువరులలో ఎంతమంది యిండ్ల నిట్లు జరుగుచుండదు! పూర్వమును యాత్ర యనగా పరివారమే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణమునుండి కాశికి బయలుదేరినపుడు వెంట ఇంచుమించు నూరుగురు నడచిరి. 1831లో తిరిగివచ్చుచు వారు మన ఈ తీరమువెంబడినే పోయిరి. అది వారికి చెల్లినది. మనమును నూరుగురిని కూర్చుకొనువరకు కదలమనినచో ఎన్నటికి కదలుదుము?

అందుచేత మాఘమాసమున మేము, అత్తగారు, విధవరాలైన మా పొరుగింటి వదినగారు, ముగ్గురము కలసి బయలుదేరుటకు నిశ్చయించితిమి. మూడు నియమములు పెట్టుకొంటిమి. ఎవరి సంచి వారే మోయవలెను. కారు కూడదు. బంధువుల యిండ్ల దిగరాదు. ఈ మూడవదానికి మా వదినగారు నొచ్చుకొనిరి గాని, చుట్టము లింటికి పోవునపుడు చేతిలో మిఠాయిపొట్లము, పండ్లు, పిల్లలకు బట్టలు, వారు మనకు పెట్టు చీరకు మారుగా మరల మనము పెట్టు చీర - ఈ లెక్క కట్టి చూపగా ఒప్పుకొనిరి. సత్రపు గదియే చౌక.

బస్సు ఛార్జీ సంగతి చెప్పనక్కరలేదు. 2025 ఆగస్టు 15నుండి మన రాష్ట్రమున "స్త్రీ శక్తి" యను పేర స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో ఉచితప్రయాణము కలదు. ఆధారు కార్డు వంటి గుర్తింపు చూపిన సున్న రూపాయల టిక్కెట్టు చేతికిత్తురు. ఆ టిక్కెట్లను అత్తగారు ఒక్కటియు పారవేయక కొంగున ముడివేసికొనిరి.

సంచిలో ఏమేమి పెట్టుకొంటిమో చెప్పెదము, ఏలయన కష్టమంతయు అక్కడనే యున్నది. మొదట సర్దినపుడు అత్తగారి సంచిలో నాలుగు చీరలు, దుప్పటి, ఇత్తడి చెంబు, ఊరగాయ జాడీ చేరెను. ఎత్తి చూడుడనగా ఎత్తలేకపోయిరి. అప్పుడు జాడీ దిగినది, చెంబు దిగినది, రెండు చీరలు దిగినవి. కట్టినది గాక చీర యొకటి, రవికలు, తువ్వాలు, పలుచని దుప్పటి, నీళ్ళసీసా, మందులు, కార్డు, ఫోను, ఒక పాత దినపత్రిక మిగిలెను. దినపత్రిక యెందుకనగా, కూర్చుండుటకును, పులిహోర పెట్టుకొనుటకును. తిండికి మొదటినాటి పులిహోరయు, తరువాత చెడనివి - మినపసున్ని, అటుకులు, వేరుసెనగ గుండ్లు, అనకాపల్లి బెల్లము ముక్క. ఈ బెల్లముతో అటుకులు నమలినచో ఒక పూట గడచిపోవును.

ఇంటికడ పిల్లలకు బడిలో మధ్యాహ్నభోజనము కలదు గాన చింత లేదు. మావారికి అన్నము వార్చుట వచ్చును. పప్పు మాడ్చుటయు వచ్చును.

తెల్లవారుజామున నర్సీపట్నమునుండి వచ్చు బస్సెక్కి, తాళ్ళపాలెముమీదుగా అనకాపల్లి చేరితిమి. 2022లో జిల్లాకు ముఖ్యపట్టణమైనది గాని, మాకు మాత్రము అది ఎప్పటికిని బెల్లపు బజారే. అక్కడినుండి శంకరము గ్రామము కొలది దూరము. ఇంత దగ్గర నుండియు మేమెన్నడును బొజ్జన్నకొండ ఎక్కియుండలేదు. 1906 ప్రాంతమున అలెగ్జాండరు రే అను దొర త్రవ్వించి వెలికిదీసిన బౌద్ధక్షేత్రమది. సముద్రగుప్తుని బంగారునాణె మొకటి యిక్కడ దొరకెనట. శంకరమను పేరునకు శివునితో పని లేదు; సంఘారామము అను మాటయే నోటబడి శంకరమైనది. కొండను తొలిచిన గుహలు, ఇటుక స్తూపము, ఆ ప్రక్కనున్న లింగాలకొండపై వరుసలు వరుసలుగా రాతినే చెక్కిన చిన్న స్తూపములు. దూరమునుండి చూచువారికి అవి లింగములవలె తోచుటచేతనే దాని కాపేరు వచ్చినది.

అత్తగారు మోకాళ్ళు నొచ్చి సగము మెట్లలో కూర్చుండిరి. మేము పైకిపోయి గుహలు చూచి దిగివచ్చి, ఇక్కడ వసించిన భిక్షువుల సొత్తు మూడు వస్త్రములు, భిక్షాపాత్ర, మంగలికత్తి, సూది, నడికట్టు, నీళ్ళు వడపోయు గుడ్డ - మొత్తము ఎనిమిది వస్తువులేయని చెప్పితిమి. మా వదినగారు వెంటనే తన సంచి విప్పి లెక్కపెట్టుకొనిరి. పదునెనిమిది వచ్చినవి. "ఆ సన్నాసుల కంటే పది ఎక్కువే ఉన్నాయి, ఇంకేటి తక్కువ" అని మరల ముడివేసిరి.

విశాఖపట్టణమున బస్సు మారి, శ్రీకాకుళము చేరుసరికి దీపాలవేళ దాటినది. త్రోవలో సింహాచలము కొండకు బస్సులోనుండియే దండము పెట్టుకొంటిమి. ఆ బస్సులో జనము క్రిక్కిరిసి, గంటకు పైగా నిలుచుండవలసివచ్చెను. కూర్చున్న పెద్దమనిషి యొకడు మమ్ము చూచి, "ఉచితం కదా, ఊళ్ళేలుతున్నారు" అని గొణిగెను. మేము తలవంచుకొంటిమి. అత్తగారు మాత్రము, "యాభై ఏళ్ళు ఉచితంగానే వండిపెట్టేం నాయినా. అప్పుడెవులూ లెక్కెట్టలేదు" అనిరి. బస్సులో నవ్వు పుట్టెను. ఆ పెద్దమనిషియే లేచి అత్తగారికి చోటిచ్చెను. అతనికి సిగ్గు కలిగెనో జాలి కలిగెనో మాకు తెలియదు.

సత్రములో గది రోజునకు నాలుగువందలయేబది. మంచములు రెండే, మేము క్రింద చాపమీద పరుంటిమి.

మరునాడు అరసవల్లి, శ్రీకూర్మము. అరసవల్లి పట్టణమునకు ఆనుకొనియే యున్నది. ఏటికి రెండుమారులు, మార్చి నెలలోను అక్టోబరు మొదటి దినములలోను, ఉదయకిరణములు గోపురద్వారమునుండి వచ్చి మూలవిరాట్టుయొక్క పాదములను తాకును. మేము పోయినది ఆ దినము గాదు. అయినను జనులు తక్కువగా నుండి, స్వామిని కన్నులార చూచితిమి. శ్రీకూర్మమున విష్ణువు కూర్మరూపుడు. స్వామి పడమటిముఖముగా నుండుటయు, రెండు ధ్వజస్తంభము లుండుటయు ఇక్కడి విశేషములు. ప్రాకారమునందు నక్షత్రపు తాబేళ్ళను పెంచుచున్నారు. ఇల్లు వీపున మోసికొని తిరుగు ఆ జంతువును చూచి మా వదినగారు, "మనకంటే బరువే మోస్తోంది" అనిరి.

ఇక్కడ నొక మాట దాచక చెప్పవలెను. ఈ మూడు దినములలో మమ్ము మిక్కిలి బాధించినది ధనము గాదు, మరుగుదొడ్డి. ఒక యూరి బస్సునిలయమున తలుపునకు తాళము. వేరొకచోట లోపలికి పోవరాని స్థితి. అందుచే రెండవనాడు ముగ్గురమును నీరు త్రాగుట మానితిమి. మధ్యాహ్నమునకు అత్తగారికి కన్నులు తిరిగి, గోడ కానుకొని కూర్చుండిరి. ఉప్పు, బెల్లము కలిపిన నీరు త్రావించి, గంటసేపు నీడలో పరుండబెట్టితిమి. ఆ గంటలో మాకు కలిగిన భయము ఇంతింత యనరాదు. మరిది మాటయే నిజమయ్యెనా, ఈ వయసున ఆమెను బస్సులలో త్రిప్పుట మా మొండితనమా యని ఏడ్పు వచ్చెను. లేచిన పిమ్మట ఆమె అడిగిన మొదటి మాట, "రేపటి బస్సెన్ని గంటలకి?" అని. అప్పటినుండి నీరు మానలేదు. పెట్రోలు బంకులు, గుడి చెంతనున్న స్నానపు గదులు, అవసరమైన ఏ యింటి గృహిణినైన నోరు తెరచి యడుగుట - ఇవియే మార్గములు. ఐరోపాలో అనేక స్టేషనులలో దీనికి డబ్బులు పుచ్చుకొందురని మావాడు చెప్పెను. శుభ్రముగా నున్నచో మేమును ఇచ్చెదము.

మూడవనాడు ముఖలింగమునకు బస్సులు కొలదిగా నుండుటచే ఉదయముననే పోయి కూర్చుంటిమి. వంశధారానది యొడ్డున, నేడొక పల్లెగా కనబడు ఈ తావే కళింగనగరమని, గాంగరాజులకు రాజధానియని చరిత్రకారులు చెప్పుదురు. పూరీ జగన్నాథాలయమును కట్ట మొదలిడిన అనంతవర్మ చోడగంగదేవుడు ఈ వంశమువాడే. అతని కాలమున రాజధాని కటకమునకు తరలిపోగా, ఇక్కడ మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయములు నిలిచినవి. మధుకమనగా ఇప్పచెట్టు. శబరనాయకున కిద్దరు భార్యలుండగా, వారిలో శివభక్తురాలి వైపు రాలిన ఇప్పపూలు బంగారమగుచుండెననియు, సవతుల తగవునకు విసిగి అతడు చెట్టు నరకబోగా శివుడు అందు ముఖముతో గనబడెననియు కథ చెప్పుదురు. సవతుల తగవు లేనిచో మనకు ముఖలింగము లేకపోవునేమో! ఆలయపు గోడలపై శిల్పమును చూచుటకు ఒక దినము చాలదు. తోరణములు, లతలు, దేవతామూర్తులు. రాయి యనుట కంటె సన్నని నేతపని యనుట తగును.

దర్శనమైన పిమ్మట అత్తగారు మండపపు మెట్టుమీద కూర్చుండిరి. ఏమియు కోరుకొన్నట్లు లేదు. కొంత తడవునకు కొంగుముడి విప్పి, ఆ సున్న రూపాయల టిక్కెట్లను మోకాలిమీద పరచి చూచుకొని, "ఇంతేనా దూరం?" అనిరి. మేము మారు పలుకలేదు. "మీ మాఁవగారు ఎంతో దూరం అనీవోరు" అని మరల ముడివేసికొనిరి.

శిల్పములు చూచుచు మేము చేసిన ఆలస్యమువలన బస్సు తప్పిపోయినది. తప్పు మాదే. తరువాతి బస్సు ఎప్పటికోగాని లేదనగా, నాలుగువందలకు ఆటో మాటాడుకొని నరసన్నపేట చేరి, అక్కడ పెద్దరోడ్డుపై బస్సు పట్టుకొంటిమి. విశాఖపట్టణము చేరుసరికి మా యూరి దిక్కునకు పోవు బస్సులు లేవు. మరిదికి ఈ సంగతి తెలిసి, కారు పంపుదునని ఫోనుచేసెను. అత్తగారు ఫోను పుచ్చుకొని, "వద్దు నాయినా, పడుకో. మాకిక్కడ చాలామందే తోడున్నారు" అని పెట్టివేసిరి. అది నిజమే. పరీక్ష వ్రాయ వచ్చిన ఆడపిల్ల లిద్దరు, పెద్దాసుపత్రికి బిడ్డను తెచ్చిన తల్లి, అరకు దిక్కునకు పోవు నాలుగురు గిరిజనస్త్రీలు. దినపత్రికలు పరచుకొని, సంచులు తలక్రింద నిడుకొని, వంతులవారీగా మేలుకొంటిమి. మిగిలిన మినపసున్ని అందరకు పంచితిమి. పోలెండులో మావాడు చెప్పిన ఎనిమిది పడకల గది మాకు గుర్తునకు వచ్చెను. ఇక్కడ పడకలు మాత్రము లేవు.

ముగ్గురకు కలసి అయిన వ్యయము: ఆటోలకు ఏడువందలనలుబది, గదికి రెండు రాత్రులకు తొమ్మిదివందలు, భోజనములకు, ఫలహారములకు అయిదువందలయిరువది, గుళ్ళలో రెండువందలపది, కాఫీ, అరటిపండ్లు మొదలగు చిల్లర నూటముప్పది. మొత్తము రెండువేలయైదువందలు. అత్తగారు డబ్బాలో దాచియుంచిన మూడువేలలో అయిదువందలు మిగిలినవి. మా వంతు పుచ్చుకొనుమనినను ఆమె వినలేదు.

నాల్గవనాటి ఉదయము ఇల్లు చేరితిమి. పప్పు గిన్నె మాడినట్లు వాసనయే చెప్పెను. స్నానములైన పిమ్మట అత్తగారి సంచిని ఉతికి, ఆరవేసి, సాయంకాలము అటకపై పెట్టబోవుచుండగా, ఆమె మంచముమీదనుండియే, "అక్కడెందుకు? ఆ గోడమేకుకు తగిలించు. దించడానికి మళ్ళీ ఎవుల్నో పిలవాలి" అనిరి.